నీళ్లలో తొందర చెల్లదు

ఈత చిన్నప్పుడే నేర్చుకోవాలంటారు. నేర్చుకోవడానికి చిన్నతనం మంచిదే, కాదనను. ఈతలోని అసలు కిటుకు ఒంటబట్టడానికి మాత్రం నడివయసే తగిన వయసని నా నమ్మకం. యాభైకి దగ్గరపడ్డాక మళ్లీ నీళ్లలో దిగినదాన్ని కనుక ఈ మాట ధైర్యంగా అంటున్నాను.

పరుగుకి కాళ్లలో సత్తువ కావాలి. బరువులెత్తడానికి కండబలం కావాలి. ఆ రెండింట్లోనూ వయసు తన వాటా ముందే తీసేసుకుంటుంది. కసరత్తు లేని ఒంట్లో ముప్పై దాటిన దగ్గర్నుంచి కండ పదేళ్లకి 3 నుంచి 8 శాతం చొప్పున తరిగిపోతూ వస్తుందని వైద్యులు లెక్క చెబుతారు. గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదో ఆ అంకె కూడా ఏటికేడాది దిగుతుంది. నేల మీద ఈ తరుగు వెంటనే తెలిసిపోతుంది. నీళ్లలో లెక్క వేరు. నీరు గాలికన్నా దాదాపు 800 రెట్లు చిక్కన. దాన్ని చీల్చుకుని పోయే ఒంటికి ఎదురయ్యే అడ్డు, వేగానికి వర్గంగా పెరుగుతుంది. రెట్టింపు వేగంతో పోవాలనుకుంటే నీరు నాలుగింతలుగా అడ్డుపడుతుంది. ఆ వేగాన్ని నిలుపుకోవడానికి క్షణక్షణం పెట్టాల్సిన శక్తి ఎనిమిదింతలవుతుంది. అంత ఖర్చు ఏ కుర్రవాడూ ఎక్కువసేపు భరించలేడు. అందుకే చేతులు టపటపా కొడుతూ నీళ్లు ఎగజిమ్మే ఇరవయ్యేళ్ల కుర్రాడు సగం దూరంలోనే లేన్ తాడు పట్టుకుని రొప్పుతుంటే, పక్క లేన్‌లో అరవయ్యేళ్ల పెద్దాయన అలుపు లేకుండా అటూ ఇటూ తిరుగుతుంటాడు. ఆయనకి ఒంటిని నీటికి అడ్డం రాకుండా సర్దుకోవడం తెలుసు.

నేనన్న కిటుకు అదే: బలాన్ని ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టి, మిగతాచోట ఒళ్లు వదిలేయడం. సంసారం, ఉద్యోగం, పిల్లల చదువులు, పెద్దల మందులు ఇవన్నీ ఏళ్ల తరబడి ఒంటిచేత్తో నడిపిన మనిషికి ఈ పొదుపు కొత్త విద్య కాదు. ఇరవయ్యేళ్లప్పుడు ఎంత చెప్పినా నా తలకెక్కేది కాదు.

నన్ను నీళ్లకి తిరిగి పంపింది కుడి మోకాలు. మెట్లు దిగేటప్పుడు లోపల ఎక్కడో కలుక్కుమనేది. ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, "గుజ్జు అరగడం మొదలైందమ్మా. భయపడాల్సిందేం లేదు. మోకాలి మీద భారం పడని వ్యాయామం ఏదైనా వదలకుండా చేస్తూ ఉండాలి. ఈత వచ్చా?" అని అడిగారు. వచ్చన్నాను. అన్నాక ఆలోచిస్తే నేను చివరిసారి ఈదింది ఏడో తరగతిలో.

మాది కోనసీమలో కాలవ గట్టు ఊరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్లు కాలవలై డెల్టా అంతా పాకాయి. మా వీధికి ఒక పక్క ఇళ్లు, ఒక పక్క కాలవ. ఎండాకాలంలో కాలవలు కట్టేసేవారు. అడుగున బురద ఎండి నెర్రెలిచ్చేది. అక్కడక్కడా మిగిలిన మడుగుల్లో పిల్లలు మట్టగిడసలు పట్టేవాళ్లు. జూన్‌లో నీళ్లు వదిలారన్న కబురు ముందొచ్చేది, నీళ్లు తర్వాతొచ్చేవి. మొదట నురుగూ చెత్తా ఎండుటాకులూ దొర్లుకుంటూ వచ్చి, రెండు మూడు రోజులకి కాలవ ఒడ్లొరుసుకుని పారేది. అప్పుడు మొదలయ్యేది మా ఈత.

నాకు ఈత నేర్పింది మా మావయ్య. పీచు తీయని ఎండు కొబ్బరికాయలు రెండు తెచ్చి, మూరెడు ఎడంలో తాడుతో జతకట్టేవాడు. ఆ తాడు మీద రొమ్ము ఆనించి బోర్లా పడుకుంటే కాయలు చెరో చంక పక్కనా తేలుతూ మనిషిని మోసేవి. "కాళ్లాడించవే, కాళ్లు! చేతులు అవే వస్తాయి" అని రేవు మెట్ల మీద నిలబడి కేకలేసేవాడు. మేం కట్టుకున్న పాత పావడాల్లో గాలి నిండి, నీళ్ల మీద ఉబ్బి, కాసేపు అవి కూడా మోసేవి. ఒకరోజు నేను కాలవ మధ్యకి పోయాక మావయ్య పక్కనే ఈదుతూ వచ్చి కాయలు లాగేసుకున్నాడు. నాలుగు బారలు వేసి రేవు చేరి మెట్టు పట్టుకున్నాక గానీ నాకు భయం వెయ్యలేదు.

మా కాలవ ఈతలో తల ఎప్పుడూ పైనే. కొట్టుకొచ్చే గుర్రపుడెక్క, ఎదురొచ్చే దోనె, ఈదుకుంటూ దాటే గేదెలు ఇవన్నీ కళ్లబడాలి. మెడ సారించి, ముఖం తడవకుండా, బారలు చాపుకుంటూ అవతలి ఒడ్డుకి పోయేవాళ్లం. ఆ కాలవకి అదే సరైన ఈత అని ఇప్పటికీ అంటాను. కొలనులో తల నీళ్లలో పెడితే అడుగున నల్లగీత కనిపించి దారి చూపిస్తుంది. ఎర్రనీళ్లు పారే కాలవలో జానెడు లోతు కూడా కనిపించేది కాదు.

పన్నెండు దాటి పెద్దమనిషినయ్యాను. అక్కడితో సరి. ఎవరూ కోప్పడలేదు. "ఇంక కాలవలో దిగకే అమ్మడూ, బాగుండదు" అంది అమ్మమ్మ, తలకి నూనె రాస్తూ. నా ఈడు ఆడపిల్లలందరికీ ఇంట్లో ఎవరో ఒకరు ఆ మాట చెప్పారు. రెండు మూడేళ్లు గడిచేసరికి మా రేవులో ఆడపిల్లలకి మిగిలింది బట్టలుతకడం, బిందె ముంచుకోవడం. అన్నయ్యలు మాత్రం వంతెన మీంచి దూకుతూనే ఉన్నారు. అమ్మమ్మని తప్పుపట్టను, ఆవిడకీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. ఆ పద్ధతిని మాత్రం తప్పుపడతాను. ఎన్‌సీఆర్‌బీ లెక్కల ప్రకారం మన దేశంలో ఏటా ముప్పై వేలమందికి పైగా నీళ్లలో మునిగి చనిపోతున్నారు. నీటి ఒడ్డున పుట్టి, నీటి ఒడ్డునే కాపురం చేసి, పొద్దున లేస్తే రేవులో కాలుపెట్టాల్సిన మనిషికి వచ్చిన ఈతని మాన్పించడం కన్నా అన్యాయం ఇంకేముంటుంది?

పోయింది ప్రాణరక్షణ ఒక్కటే కూడా కాదు. ఒళ్లు ఎవరికోసమూ ఏ పనీ చేయకుండా, తన ఇష్టానికి తాను కదలగలిగిన చోటు పోయింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు నా ఒళ్లు వండింది, ఉతికింది, మోసింది, కన్నది, నిలబడి పాఠాలు చెప్పింది. ఊరికే కదలడమన్నది ఎరగదు.

విశాఖలో మేముండే చోటికి దగ్గర్లో ఒక ఈత కొలను ఉంది. అక్కడ ఆడవాళ్ల బ్యాచ్ ఉదయం ఎనిమిదిన్నరకి. తెల్లవారుజాము, సాయంత్రం, మంచి వేళలన్నీ మగవాళ్లకీ పిల్లలకీ పోగా మిగిలిన వేళ అది. నాకు కాలేజీలో క్లాసులు పదకొండు తర్వాత కాబట్టి కుదిరింది. పొద్దున తొమ్మిదికల్లా ఆఫీసులో ఉండాల్సిన ఆడమనిషి ఎనిమిదిన్నరకి నీళ్లలో ఎలా ఉంటుంది? ఊళ్లలో కొత్త కొలనులు కడుతున్నారు, సంతోషం. ఆడవాళ్లకి ఉదయం ఆరు గంటల వేళ ఒకటి ఇవ్వడానికి సిమెంటూ ఇటుకా ఏమీ అక్కర్లేదు, వేళల పట్టికలో ఒక గీత మారిస్తే చాలు. అడిగాం. అడుగుతూనే ఉన్నాం.

కాస్ట్యూమ్ సంగతి చాలామందిని ఆపేస్తుంది. మోచేతుల దాకా, మోకాళ్ల దాకా ఒంటిని కప్పేవి ఇప్పుడు మామూలు దుకాణాల్లోనే దొరుకుతున్నాయి. నైలాన్, లైక్రా కలిసిన బట్ట అయితే చాలు. కాటన్ మాత్రం నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, కొలనులో ఒప్పుకోరు కూడా. ఇక మిగిలేది బట్టలు మార్చుకునే గది నుంచి కొలను అంచుదాకా నడక. మా బ్యాచ్‌లో సిజేరియన్ కోతల గుర్తులున్నాయి, కాన్పు చారలున్నాయి, పిక్కల మీద నీలంగా ఉబ్బిన నరాలున్నాయి, ఒకరికి రొమ్ము ఆపరేషన్ అయింది. ఎవరూ ఎవరినీ పైనుంచి కిందికి చూడరు. అంత మర్యాదగల చోటు నేను మరొకటి చూడలేదు.

మొదటిరోజు మెడలోతులో నిలబడి ఊరికే కాళ్లు మార్చి మార్చి వంచుకుంటూ ఉండిపోయాను, నొప్పి లేకుండా మోకాలు మడతపడటం చూసుకుంటూ. నడుము లోతు నీళ్లలో ఒంటి బరువులో దాదాపు సగమే కాళ్ల మీద పడుతుంది. రొమ్ము లోతుకి వెళితే మూడో వంతు. మెడ దాకా దిగితే పదో వంతు. డెబ్బై కిలోల మనిషిని ఆమె కాళ్లు ఏడు కిలోలుగా మోస్తాయన్నమాట.

ఆ తర్వాత పాదాలు నేల వదిలాయి. ఒళ్లు మరవలేదు. ఒకసారి ఒంటబట్టిన కదలికలు మెదడులో పేర్లూ తేదీలూ దాచుకునే చోట కాకుండా వేరే చోట్ల, చిన్నమెదడు చుట్టుపక్కల నిలవుంటాయని, అందుకే అవి ఏళ్లకేళ్లు చెరిగిపోవని శాస్త్రవేత్తలు చెబుతారు. కాళ్లు వాటంతటవే ఆడాయి, చేతులు బారలు చాపాయి. కానీ పాతిక మీటర్ల కొలనులో సగం దాటేసరికి గుండెలు ఎగసిపడ్డాయి. ఆయాసం ముంచుకొచ్చింది.

మా కోచ్ పాతికేళ్ల అమ్మాయి. జాలారిపేటలో పుట్టి పెరిగింది. వాళ్లింట్లో తాతా నాన్నా అందరూ సముద్రం మీద వేటకి వెళ్లేవాళ్లే గానీ ఆడవాళ్లలో ఈత నేర్చుకున్నది తనొక్కతే. గట్టు మీద గొంతుక్కూచుని నన్ను రెండు లెంగ్త్‌లు చూసి, "మేడం, మీకు ఈత బాగానే వచ్చు. ఊపిరే రావట్లేదు" అంది.

"పీల్చుకోవడానికి టైం చాలట్లేదమ్మా."

"పీల్చుకోవడం తర్వాత. ముందు వదలండి. లోపల పాతది నిండుగా ఉంటే కొత్తది ఎక్కడ పడుతుంది?"

నాలుగు బారలకోసారి నోరు తెరిచి గాలి మింగుతున్నాను గానీ ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ బిగబట్టే ఉంచుతున్నానని ఆ అమ్మాయికి చూడగానే తెలిసింది. కాలవ ఈతలో ముఖం నీళ్లలో పెట్టేదే లేదు కాబట్టి ఈ పాఠం నాకెవరూ చెప్పలేదు. ఊపిరాడటం లేదన్న తహతహ రక్తంలో ఆక్సిజన్ అయిపోయి పుట్టేది కాదు. వదలని కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల పుట్టేది. బిగబట్టినకొద్దీ అది పేరుకుంటుంది, మెదడు గాభరా పడుతుంది, మనిషి ఇంకా ఎక్కువ పీల్చాలని చూస్తుంది, ఊపిరితిత్తుల్లో చోటుండదు. బలం ఉండీ ఈతలో అలిసిపోయేవాళ్లలో చాలామందికి అసలు కారణం ఇదే.

కొన్నాళ్లపాటు ఈత లేదు. గట్టు పట్టుకుని ముఖం ముంచి, ముక్కుతో నోటితో సన్నగా బుడగలు వదలడం, చివర్లో ఒక్క ఊపున మిగిలింది ఊదేయడం, తల పక్కకి తిప్పి కొత్త ఊపిరి తీసుకోవడం. బుడగలు చెంపలు రాసుకుంటూ చెవుల పక్కగా పైకి పోయేవి. ఆ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. "అలగ కాదు మేడం, తొందరేటి? వినండి, అది బుడబుడా అంటే ఎక్కువైపోయినట్టు. సన్నగా రావాలి" అనేది కోచ్. దాచుకోవడమే జాగ్రత్త అని జీవితమంతా నమ్మిన మనిషికి చివరి చుక్క దాకా ఖాళీ చేయమనడం అంత సులువుగా దిగలేదు. దిగాక మాత్రం ఆయాసం ఎటుపోయిందో తెలియలేదు. ఖాళీ అయిన ఊపిరితిత్తుల్లోకి గాలి దానంతట అదే వచ్చి పడుతుంది, పీల్చనక్కర్లేదు.

తర్వాతి పాఠం తల. మనిషి తల నాలుగున్నర, అయిదు కిలోల దాకా తూగుతుంది. దాన్ని నీళ్లపైకి ఎత్తితే తక్కెడలో ఒక పళ్లెం లేచి రెండోది దిగినట్టు నడుమూ కాళ్లూ కిందికి దిగిపోతాయి. ఏటవాలుగా మారిన ఒళ్లు అంత మేర నీటిని తోసుకుంటూ పోవాల్సి వస్తుంది. ముఖం కిందికి దించి, అడుగున నల్లగీతని చూస్తూ ఉంటే తుంటి పైకి తేలుతుంది, కాళ్లు వెనకే వస్తాయి. మరి ఊపిరికి? తల ముందుకి సాగుతున్నప్పుడు నుదుటి దగ్గర నీరు కొంచెం లేచి, చెంప పక్కన చిన్న పల్లం పడుతుంది. ఒక కన్ను నీళ్లలో, ఒక కన్ను గాలిలో ఉండేంత మాత్రం పక్కకి తిరిగితే నోరు ఆ పల్లంలోకి వస్తుంది. చుట్టూ ఉన్న నీటిమట్టానికి కిందుగా ఉంటుంది గాలి. తల ఎత్తాల్సిన పనే లేదు. ముందుకి సాగుతున్నంతసేపే ఆ పల్లం ఉంటుంది. ఊపిరి కోసం ఆగితే మూసుకుపోతుంది. దాని మీద నమ్మకం కుదరడానికి నాకు చాలాకాలం పట్టింది. మొదటిసారి కుదిరిన రోజున ఆ చిన్న గుంటలో ప్రశాంతంగా గాలి పీల్చుకుంటూ, గాగుల్ అద్దంలో సగం నీలం, సగం ఎండ చూశాను.

అప్పటి నుంచి నేను వేగం చూసుకోవడం మానేసి బారలు లెక్కపెడుతున్నాను. ఒక లెంగ్త్‌కి ఎన్ని తక్కువ బారలు పడితే అంత మంచి ఈత. తొందరపడిన రోజున లెక్క పెరుగుతుంది. చెయ్యి ముందుకి చాపి, ఆ చాపుడులో ఒక్క క్షణం ఆగి, ఒళ్లు జారనిచ్చిన రోజున తగ్గుతుంది.

మనిషి తేలడంలో కూడా నడివయసు పక్కన ఒక న్యాయం ఉంది. కండ నీటికన్నా బరువు, కొవ్వు నీటికన్నా తేలిక. గుండ్రబడిన నడుమూ తొడలూ నేల మీద మనకెంత బరువైనా నీళ్లలో అవే మనని మోస్తాయి. మగవాళ్లకన్నా ఆడవాళ్లకి తుంటి భాగం సులువుగా తేలడానికి కారణం ఇదే. కండలు తిరిగిన సన్నటి కుర్రాళ్లకి కాళ్లు మునిగిపోయి తంటాలు పడటం కోచ్ రోజూ చూస్తూనే ఉంటుందట. ఇన్నాళ్లూ తిట్టుకున్న ఒంటికి నీళ్లలో ఇంత గౌరవం దొరకడం నాకు చాలా నచ్చింది.

గుండెకి నీరు చేసే మేలు ఇంకా ముచ్చటగా ఉంటుంది. మీటరు లోతులో నీటి ఒత్తిడి దాదాపు 74 మిల్లీమీటర్ల పాదరసంతో సమానం. బీపీ కొలతలో కింది అంకె 80 దగ్గర ఉండాలంటారు కదా, దాదాపు అంత. ఆ ఒత్తిడి కాళ్లని అన్ని వైపులా సమంగా నొక్కి, పిక్కల్లో నిలిచిన రక్తాన్ని రొమ్ము వైపు తోస్తుంది. ఒక్కో దెబ్బకీ గుండె ఎక్కువ రక్తం పంపగలుగుతుంది కనుక వేగంగా కొట్టుకోనక్కర్లేదు. నేల మీద అంతే కష్టపడినప్పటికన్నా నీళ్లలో నాడి నెమ్మదిగా ఉంటుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లూ, బీపీ అదుపులో లేనివాళ్లూ డాక్టరుని అడగకుండా దిగకూడదనడం కూడా ఇందుకే. తోసుకొచ్చే ఆ రక్తం వాళ్లకి భారమవుతుంది.

ఈతే సర్వరోగ నివారిణి అనే మాట మాత్రం ఒప్పుకోను. ఎముక గట్టిపడాలంటే దాని మీద భారం పడాలి. ముట్లుడిగే వయసులో ఎముక వేగంగా పలచబడుతుంది. మోకాలికి సుఖమిచ్చిన అదే తేలిక అక్కడ ఉపయోగపడదు. కాబట్టి ఈత లేని రోజుల్లో నేను నడుస్తాను, డాక్టరు చెప్పిన మేరకు చిన్న బరువులు ఎత్తుతాను. భుజాలతోనూ జాగ్రత్త కావాలి. భుజం బిగుసుకుపోయే జబ్బు నలభై నుంచి అరవై లోపే ఎక్కువ, అందులోనూ షుగరున్నవాళ్లకి. ఫ్రీస్టైల్‌లో చెయ్యిని భుజంతో విసరకుండా ఒంటిని పక్కకి దొర్లిస్తే చెయ్యి దానితోపాటే లేస్తుంది. నొప్పి అనిపించిన రోజున కిక్ బోర్డ్ పట్టుకుని కాళ్లు మాత్రమే ఆడిస్తాను. వారానికి 150 నిమిషాల మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈతా నడకా కలుపుకుంటే ఆ లెక్క ఇబ్బంది లేకుండా తీరుతుంది.

మా బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ టీచర్ గారున్నారు. ఆవిడ నీళ్లకి కొత్త. పుట్టింది రాయలసీమలో, బావి తప్ప మరో నీరు ఎరగని ఊళ్లో. ఆవిడ వెల్లకిలా తేలడం నేర్చుకుంటున్న రోజుల్లో నేను పక్కన నిలబడి చూసేదాన్ని. కోచ్ అరచెయ్యి ఆవిడ తల వెనక, రెండో చెయ్యి నడుం కింద. చెవులు మునగగానే ఆవిడ మెడ నరాలు బిగుసుకునేవి, గడ్డం రొమ్ముకి అంటుకునేది, వెంటనే తుంటి మునిగేది. "టీచర్ గారూ, పైకప్పు చూడండి. నన్ను చూడకండి" అనేది కోచ్. అదే మాట, అదే గొంతుతో, విసుగన్నది లేకుండా. ఒకనాడు ఆవిడ గడ్డం మెల్లగా పైకి లేచింది. నుదుటి ముడతలు విడిపోయాయి. కోచ్ నడుం కింది చెయ్యి తీసింది, తర్వాత తల కింద నాలుగు వేళ్లు తీసి ఒక్క వేలు ఉంచింది, ఆ వేలూ తీసేసింది. ఆవిడకి తెలియదు. నా గుండె మాత్రం దడదడలాడింది. లేచి నిలబడ్డాక, "నువ్వు పట్టుకోలేదామ్మా?" అని ఎన్నిసార్లు అడిగారో!

వయసు మీరిందని వెనకాడేవాళ్లకి నేను ఇద్దరి సంగతి చెబుతుంటాను. జపాన్‌లో మియెకో నగవోకా అనే ఆవిడ మోకాలి బాధ తగ్గడం కోసం ఎనభై దాటాక ఈత మొదలుపెట్టారు. 2015 ఏప్రిల్‌లో, నూరేళ్లు నిండాక, 1500 మీటర్లు గంటా పదహారు నిమిషాల లోపే ఈదారు. ఆ వయసువాళ్లలో అంత దూరం పోటీలో పూర్తిచేసినవారు అంతకుముందు లేరు. రెండో ఆవిడ మన సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామల గారు. నలభై దాటాక ఈతకి వచ్చి, 2021 మార్చిలో 47వ ఏట శ్రీలంక వైపు నుంచి ధనుష్కోటి దాకా పాక్ జలసంధిని ఈదారు. సుమారు 30 కిలోమీటర్లు, పదమూడు గంటల పైచిలుకు. 2024 డిసెంబరు చివర్లో మా విశాఖ తీరంలోనే నీళ్లలో దిగి, రోజుకి కొంత దూరం చొప్పున 150 కిలోమీటర్లు ఈది కాకినాడ చేరారు. ఆవిడ బయల్దేరిన సముద్రం మా ఇంటి మేడ మీంచి కనిపిస్తుంది. నేను మాత్రం అందులో దిగను. ఆర్కే బీచ్‌లోనూ యారాడలోనూ నీటి లాగుడికి కొలను ఈత చాలదు; అది వచ్చన్న ధీమాతో పోయిన ప్రాణాలు ఈ ఊరికి చాలానే తెలుసు.

మా లక్ష్యం ఇంకొకటి. పాతికేళ్లు దాటిన వాళ్ల కోసం మాస్టర్స్ ఈత పోటీలని ఉన్నాయి. ప్రపంచస్థాయిలో మొదటివి 1986లో టోక్యోలో జరిగాయి. మన దేశంలోనూ జరుగుతున్నాయి. అయిదేసి ఏళ్లకి ఒక వర్గం చొప్పున విడదీసి, ఈడు వాళ్లకి ఈడు వాళ్లతోనే పోటీ పెడతారు. అందులో రిలే నిబంధన తెలిసినప్పుడు నాకు పట్టరాని ఆనందమైంది. నలుగురి వయసులూ కూడి, ఆ మొత్తాన్ని బట్టి జట్టు ఏ వర్గంలో పడుతుందో తేలుస్తారు. వయసుని తరుగుగా కాక కూడికగా రాసుకునే లెక్క నాకు ఇంతవరకూ ఎక్కడా తగల్లేదు. మా జట్టులో బ్యాంకు ఉద్యోగం మానేసిన ఆవిడకి 46, నాకు 49, రొమ్ము ఆపరేషన్ అయిన అక్కకి 52, టీచర్ గారికి 61. కూడితే 208. 200 నుంచి 239 దాకా ఉన్న వర్గంలోకి వస్తాం. మా ముగ్గురికీ ఫ్రీస్టైల్ యాభై మీటర్లు వచ్చేసింది. టీచర్ గారు పాతిక దాటి, మలుపు దగ్గర గట్టు పట్టుకుంటున్నారు. ఆవిడ రెండో పాతికా పూర్తిచేసిన వారమే పేర్లు పంపుదామని ముగ్గురం అనుకున్నాం. ఫారాలు ఇప్పటికే నింపి కోచ్ దగ్గర ఉంచాం.